పెళ్లి ఫుటేజ్ కాపీ పెడితే ఆఫీసంతా ఆగిపోతోంది, రైడ్ 5 అంటే ఇంతేనా?

పెళ్లివీడియో · ఆదివారం రాత్రి 11:52

నమస్తే అందరికీ. విశాఖ ద్వారకానగర్‌లో చిన్న స్టూడియో మాది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ చేస్తాం. ఎడిటింగ్‌కి ముగ్గురు, ఆల్బమ్ డిజైన్‌కి ఒక అమ్మాయి, అందరి ఫైళ్లూ ఒకే సర్వర్‌లో ఉంటాయి. సర్వర్ అంటే పెద్దదేం కాదు, పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేసి, 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగు పెట్టి సాఫ్ట్‌వేర్ రైడ్ 5 చేశాను, అంటే నాలుగూ కలిపి ఒకే డిస్క్‌లా వాడటం, ఒకటి పోయినా డేటా ఉంటుంది. పైన ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, అందరి కంప్యూటర్లకీ కనపడేలా సాంబా షేర్. ర్యామ్ 32 జీబీ, నెట్‌వర్క్ గిగాబిట్.

ముహూర్తాల సీజన్‌లో ఒక్కో పెళ్లికి 500, 600 జీబీ ఫుటేజ్ వస్తుంది, మూడు కెమెరాలు, ఒక డ్రోన్. కుర్రాళ్లు ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో తెచ్చి సర్వర్‌కే గుచ్చి కాపీ పెడతారు. మొదటి నిమిషం అంతా బాగానే ఉంటుంది, ఆ తర్వాత మొదలవుతుంది తద్దినం. ఆల్బమ్ అమ్మాయి ఫోల్డర్ తెరిస్తే 40 సెకన్లు తెల్ల స్క్రీన్, ఎడిటర్ ప్రాజెక్ట్ సేవ్ కొడితే సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతుంది, ఒక్కోసారి రెండు నిమిషాలు. సీపీయూ చూస్తే ఖాళీ, నెట్‌వర్క్ చూస్తే ఖాళీ. కాపీ ఆపేసినా ఇంకో నిమిషం అలాగే ఉంటుంది, అది ఎందుకో నాకు అస్సలు అర్థం కావట్లేదు.

ఇవాళ పెళ్లికూతురి తరఫు వాళ్లు హైలైట్స్ చూద్దామని వచ్చి కూర్చున్నారు, వాళ్ల ముందే చక్రం తిరుగుతూనే ఉంది. పరువు పోయింది. ఏం చెయ్యాలో చెప్పండి. ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది కాబట్టి కమాండ్ల పేర్లు కూడా తెలుగులోనే కొడుతున్నా, తిట్టుకోకండి.

సింధియా_సిగ్నల్ · సోమవారం ఉదయం 7:10

హార్డ్ డిస్కులు తీసి పారేసి అన్నీ ఎస్ఎస్‌డీలు వేసెయ్ బ్రో. సమస్య ఉండదు.

పెళ్లివీడియో · సోమవారం ఉదయం 7:31

12 టీబీ ఎస్ఎస్‌డీలు నువ్వు కొనిపెడతానంటే ఇప్పుడే వేసేస్తా తమ్ముడూ.

ఎన్ఏడీ_లోకల్ · సోమవారం ఉదయం 9:05

దీనికి అయొనైస్ అని ఉంది కదా. కాపీ కమాండ్ ముందు అయొనైస్ మైనస్ సీ 3 పెట్టు, అప్పుడు ఆ కాపీ ఐడిల్ క్లాస్‌లోకి పోతుంది, వేరే వాళ్లకి పని లేనప్పుడే డిస్క్ ముట్టుకుంటుంది. మా ఆఫీసులో బ్యాకప్‌లకి అదే వాడతాం, ఎవరికీ తెలియకుండా అయిపోతాయి.

పెళ్లివీడియో · సోమవారం రాత్రి 10:20

పెట్టి చూశానండీ. ఏమీ మారలేదు. అదే 40 సెకన్లు.

మురీమిక్స్చర్ · సోమవారం రాత్రి 10:58

మారదు. ఎన్ఏడీ అన్న చెప్పింది తప్పు కాదు గానీ ఆయన బ్యాకప్ అంటే సర్వర్ నుంచి చదవడం, నీది సర్వర్‌లోకి రాయడం. మామూలు కాపీ కమాండ్ నేరుగా డిస్క్‌కి రాయదు, ర్యామ్‌లో పెట్టేసి "రాసేశా" అనేస్తుంది. ఆ ర్యామ్‌లోది తర్వాత డిస్క్‌కి దించేది లినక్స్ గుండెకాయ కెర్నెల్‌లో ఇంకో థ్రెడ్, నువ్వు కాపీకి ఇచ్చిన ప్రయారిటీ ఆ థ్రెడ్‌కి అంటదు. అందుకే అయొనైస్ చదివే పనికీ, నేరుగా డిస్క్‌కి రాసే పనికీ పనికొస్తుంది, ఇలాంటి కాపీకి పనికిరాదు.

కాపీ ఆపేసినా ఇంకో నిమిషం ఎందుకు అన్నావు కదా, దానికీ జవాబు ఇదే. నువ్వు ఆపింది ర్యామ్‌లోకి పోసేవాణ్ణి. పోసిందంతా ఇంకా ర్యామ్‌లో ఉంది, అది డిస్క్‌కి దిగాలి.

ఎంత ఉంటుంది అంటే, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో మామూలుగా 10, డర్టీ రేషియో 20. డర్టీ అంటే ర్యామ్‌లో ఉండి ఇంకా డిస్క్‌కి దిగనిది. శాతాలు ఇవి, అందుబాటులో ఉన్న ర్యామ్ మీద. నీకు 32 జీబీ కాబట్టి సుమారు 3 జీబీ పోగయ్యాక దించడం మొదలుపెడుతుంది, 6 జీబీ దాకా పోగవనిస్తుంది. ఈ లెక్కలు ర్యామ్ తక్కువగా ఉన్న రోజుల్లో బాగానే ఉండేవి, ఇప్పుడు 6 జీబీ అంటే చిన్న విషయమా.

ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ బండి దగ్గర నీ ముందు ఒకడు 40 పొట్లాలు ఆర్డరిచ్చాడనుకో. నీకు కావలసింది ఒక్కటే. బండివాడు చేతివాటం ఉన్నవాడే, అయినా నువ్వు 40 పొట్లాలూ అయ్యేదాకా నిలబడాల్సిందే. మీ ఆల్బమ్ అమ్మాయి ఆ ఒక్క పొట్లం మనిషి. 40 పొట్లాలవాణ్ణి ఒకేసారి చెప్పకుండా రెండేసి అడగమంటే వాడికి పెద్దగా ఆలస్యం కాదు, మధ్యలో నీది అయిపోతుంది.

కాబట్టి శాతాలు వదిలేసి బైట్లలో పెట్టు. డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 67108864, అంటే 64 ఎంబీ. డర్టీ బైట్స్ 268435456, అంటే 256 ఎంబీ. బైట్లు పెట్టగానే రేషియోలు సున్నా చూపిస్తాయి, కంగారు పడకు, రెండిట్లో ఒకటే పనిచేస్తుంది. రీబూట్ అక్కర్లేదు. బాగుంటే సిస్‌సీటీఎల్ ఫైల్లో రాసుకో, రీబూట్ అయినా అలాగే ఉంటుంది.

ఎన్ఏడీ_లోకల్ · సోమవారం రాత్రి 11:15

ఓహో. ఇన్నేళ్ల నుంచి రాసే పనులకి కూడా పెడుతున్నా అయొనైస్, పనిచేస్తోందనే అనుకున్నా 😀

పాతసర్వర్ · మంగళవారం ఉదయం 5:40

మురీ చెప్పింది సరైనదే, అది చెయ్యండి. కానీ నాకు ఒక లెక్క కుదరడం లేదు. 6 జీబీ ఖాళీ అవడానికి రెండు నిమిషాలు అంటే సెకనుకి 50 ఎంబీ. నాలుగు డిస్కుల రైడ్ 5 మీద పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు వరసగా రాస్తుంటే 50 ఎంబీ ఏమిటి? ఒక్క డిస్క్ విడిగా పెట్టినా 150 దాటాలి.

చిన్న చిన్న రాతలు అయితే ఒప్పుకుంటాను, రైడ్ 5లో ఒక చిన్న ముక్క మార్చాలంటే పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (ఒక డిస్క్ పోతే డేటా తిరిగి లెక్కకట్టడానికి దాచే విలువ) చదవాలి, కొత్తవి రెండూ రాయాలి, ఒక పనికి నాలుగు పనులు. రైడ్ 6 అయితే ఆరు. నిమిషానికి 7200 తిరుగుళ్ల డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 8.3 మిల్లీ సెకన్లు, హెడ్ కదలిక కూడా కలుపుకుంటే సెకనుకి 80 చోట్లకి వెళ్లి రావడం గొప్ప. కానీ మీవి పెద్ద ఫైళ్లు, పూర్తి స్ట్రైప్, అంటే అన్ని డిస్కుల మీదా పరిచే ఒక వరస, ఒకేసారి రాస్తే పాతది చదవాల్సిన పనే లేదు.

కాపీ నడుస్తుండగా అయోస్టాట్ మైనస్ ఎక్స్ 2 (డిస్కులు ఎంత పనిలో ఉన్నాయో చూపించే కమాండ్) పెట్టి నాలుగు డిస్కుల వరసలూ విడివిడిగా చూడండి. ఎండీ0 వరస చూడొద్దు, అది మొత్తం రైడ్‌ది, అందరినీ కలిపి చూపిస్తుంది, దొంగ దొరకడు.

పెళ్లివీడియో · మంగళవారం రాత్రి 9:47

మురీ, నీకు దండం. బైట్లు పెట్టాక 40 సెకన్లది 5, 6 సెకన్లకి వచ్చింది. కాపీ వేగం మాత్రం ఏమీ తగ్గలేదు, ముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఆల్బమ్ అమ్మాయి "సర్వర్ మార్చారా సార్" అని అడిగింది.

గురువు గారూ, మీరు చెప్పినట్టు చూశాను. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీడీ మూడూ రాత అవెయిట్ (ఒక్కో రాత ఆగే మిల్లీ సెకన్లు) 15 నుంచి 25 మధ్య, యుటిల్ (డిస్క్ పనిలో ఉన్న సమయం) 20 శాతం కూడా లేదు. ఎస్‌డీసీ మాత్రం అవెయిట్ 900, యుటిల్ 100కి అంటుకుపోయి ఉంది. డిస్క్ పోతోందా? డిస్క్ తన ఆరోగ్యం తనే చెప్పే స్మార్ట్ చూస్తే అన్నీ పాస్ అంటోంది, రీఎలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి) సున్నా. పోయినేడాది ఒక డిస్క్ పోతే దాని బదులు కొన్నదే ఇది. పాత మూడింటి కన్నా కొత్తది.

పాతసర్వర్ · బుధవారం ఉదయం 5:52

కొత్తదే కాబట్టే అడుగుతున్నా, మోడల్ నంబర్ పట్టుకుని తయారీవాళ్ల డేటాషీట్‌లో సీఎంఆరా, ఎస్ఎంఆరా చూడండి.

పెళ్లివీడియో · బుధవారం ఉదయం 8:15

ఎస్ఎంఆర్ అని ఉంది. అంటే?

పాతసర్వర్ · బుధవారం ఉదయం 8:40

పెంకుటిల్లు చూశారు కదా. ఒక వరస పెంకు మీద ఇంకో వరస కొంచెం ఎక్కి ఉంటుంది. ఎస్ఎంఆర్ డిస్క్‌లో ట్రాకులు అలా పేరుస్తారు (సీఎంఆర్‌లో ఎక్కకుండా పక్కపక్కనే ఉంటాయి), అందుకే తక్కువ పళ్లెంలో ఎక్కువ డేటా పడుతుంది, ధర కలిసొస్తుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కి ఉన్నవన్నీ లేపి మళ్లీ పేర్చాలి. డిస్క్ ఆ తలనొప్పి మనకి కనపడనివ్వకుండా ముందు ఒక క్యాష్ ప్రాంతంలో రాసేసుకుంటుంది, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఇంట్లో వాడుకునేవాడికి ఎప్పటికీ తెలియదు. మీరు గంటల తరబడి ఆపకుండా రాస్తారు, ఆ క్యాష్ నిండిపోతుంది, ఇక రాస్తూనే సర్దుకోవాలి, అక్కడ పడిపోతుంది వేగం.

రైడ్ 5లో ప్రతి స్ట్రైప్‌కీ నాలుగు డిస్కులూ కావాలి. మిగతా మూడూ ఆ ఒక్కదాని కోసం చేతులు కట్టుకుని కూర్చుంటున్నాయి, మీరు చూసిన 20 శాతం అదే.

పెళ్లివీడియో · బుధవారం ఉదయం 9:02

కొన్న రోజు 10 జీబీ ఫైల్ వేసి టెస్ట్ చేశానండీ, రాకెట్‌లా పోయింది! షాపులో అడిగితే సర్వర్‌కి బాగుంటుంది అనే చెప్పారు.

పాతసర్వర్ · బుధవారం ఉదయం 9:10

10 జీబీ ఆ క్యాష్‌లోనే పట్టేసి ఉంటుంది. 2020లో దీని మీద ప్రపంచమంతా గొడవైంది, నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడే స్టోరేజ్ పెట్టె) కోసం అని అమ్మిన డిస్కుల్లో కూడా ఎస్ఎంఆర్ ఉందని అప్పుడే జనానికి తెలిసింది. ఇప్పుడు డేటాషీట్‌లో రాస్తున్నారు, కానీ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

స్కాన్‌రూమ్ · బుధవారం మధ్యాహ్నం 2:25

నాది వేరే ఊసు గానీ చెప్తాను. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇమేజ్ ఆర్కైవ్ చూస్తాను, సీటీ, ఎమ్మారై బొమ్మలన్నీ డిస్క్ ఎరే మీదే. పాత స్టడీలు ఒక ఎరే నుంచి ఇంకోదానికి తరలించేటప్పుడు మాకూ ఇదే జరిగింది, డాక్టరు గారు బొమ్మ తెరిస్తే రాదు, పేషెంట్ బల్ల మీద ఉంటాడు. మాకది పరువు సమస్య కాదు.

మేము డిస్కులేం మార్చలేదు. ఆర్‌సింక్‌కి (ఇదీ కాపీ చేసే కమాండే) బీడబ్ల్యూ లిమిట్, అంటే సెకనుకి ఇంతే అని వేగానికి పరిమితి, పెట్టాం, అంతే. ఎరే ఎంత మింగగలదో ముందు కొలిచి అందులో సగం కన్నా తక్కువ ఇచ్చాం. లోపలికొచ్చేది బయటికి పోయేదానికన్నా తక్కువైతే అసలు క్యూనే పెరగదు కదా, ర్యామ్‌లో పోగుపడేది ఉండదు. మీరు కూడా ఆ డిస్క్ మార్చాక కాపీ కమాండ్ మానేసి ఆర్‌సింక్ బీడబ్ల్యూ లిమిట్ 80ఎం అని పెట్టుకోండి. 600 జీబీకి రెండు గంటల చిల్లర పడుతుంది. మధ్యలో తెగిపోతే మళ్లీ మొదట్నుంచీ అక్కర్లేదు, పూర్తయిన ఫైళ్లు వదిలేసి మిగతావే తెచ్చుకుంటుంది.

ఇది పెడితే మురీ గారి డర్టీ బైట్స్ అవసరమే ఉండదని నా అభిప్రాయం. సర్వర్ మొత్తానికి వర్తించే సెట్టింగ్ అది, చిన్న చిన్న ఫైళ్లు వేల కొద్దీ రాసే పనులు కొంచెం నెమ్మదిస్తాయి, మాకు అలాగే అయింది.

మురీమిక్స్చర్ · బుధవారం సాయంత్రం 6:33

మేడమ్, మీ తరలింపు మీ చేతిలో ఉన్న కమాండ్. వీళ్ల స్టూడియోలో రేపు ఎవడో విండోస్ నుంచి 200 జీబీ లాగి షేర్‌లో పడేస్తాడు, వాడికి బీడబ్ల్యూ లిమిట్ ఎవరు పెడతారు? డర్టీ బైట్స్ ఏ దారిన వచ్చిన రాతకైనా అడ్డుకట్ట. రెండూ ఉండాలి అంటాను.

ఇంకోటి, ఎడిటర్ సేవ్ కొడితే ఎందుకు బిగుసుకుంటుంది అంటే, సేవ్ చివర "ఇది నిజంగా డిస్క్‌కి దిగిందా" అని అడుగుతుంది, సాంబా దాన్ని ఎఫ్‌సింక్‌గా మారుస్తుంది. ఈఎక్స్‌టీ4 జర్నల్ (మార్పులు ముందుగా రాసుకునే చిట్టా) అందరికీ ఒకటే. ఈ చిన్న ప్రాజెక్ట్ ఫైల్‌తో పాటు అదే బండిలో ఎక్కిన వేరేవాళ్ల డేటా కూడా దిగితే గానీ జర్నల్ కమిట్ అవదు. 200 కేబీ ఫైల్ సేవ్ అవడానికి పక్కవాడి డ్రోన్ ఫుటేజ్ దిగాలి. క్యూ పొట్టిగా ఉంచడం తప్ప దీనికి మందు లేదు.

స్కాన్‌రూమ్ · బుధవారం సాయంత్రం 7:01

విండోస్ సంగతి నిజమే, అది ఆలోచించలేదు. మాకు బయటి నుంచి రాసేవాళ్లు లేరు.

కైలాసగిరి_రోప్‌వే · గురువారం ఉదయం 10:12

డిస్క్‌కి ఎవరి పని ముందు పంపాలో తేల్చే షెడ్యూలర్ ఏది ఉంది? బీఎఫ్‌క్యూ పెట్టి చూడు, చదివేవాళ్లకి బాగా మర్యాద ఇస్తుంది. నా డెస్క్‌టాప్‌లో తేడా బాగా తెలిసింది.

పెళ్లివీడియో · గురువారం ఉదయం 11:20

ఎండీ0కి పెడదామంటే తీసుకోవట్లేదు.

మురీమిక్స్చర్ · గురువారం ఉదయం 11:26

ఎండీ0కి కాదు, లోపలున్న డిస్కులకి పెట్టాలి. కానీ నేనైతే ఎంక్యూ డెడ్‌లైన్ మీద ఉంచేస్తా. అందులో చదివే రిక్వెస్ట్‌కి గడువు 500 మిల్లీ సెకన్లు, రాసేదానికి 5 సెకన్లు, అంటే చదివేవాడికే ముందు సీటు. బీఎఫ్‌క్యూ ఎవరు అడిగారు అన్నదాన్ని బట్టి పంచుతుంది, రైడ్ కింద డిస్కుల దాకా వచ్చేసరికి అడిగింది ఎడిటరా కాపీనా అన్న ఆనవాలు చాలావరకు చెరిగిపోతుంది. రోప్‌వే అన్న డెస్క్‌టాప్‌లో రైడ్ లేదనుకుంటా.

కైలాసగిరి_రోప్‌వే · గురువారం ఉదయం 11:40

లేదు 🙏

పాతసర్వర్ · శుక్రవారం ఉదయం 5:35

డిస్క్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఎస్‌డీసీని పీకేసి కొత్తది పెట్టకండి, ఆ రీబిల్డ్ అయ్యేంతసేపూ రైడ్‌కి అండ ఉండదు, మిగతా మూడు పాత డిస్కుల్లో ఒకటి తుమ్మినా అంతా పోతుంది. మదర్‌బోర్డులో ఒక సాటా పోర్ట్ ఖాళీ ఉంటే కొత్తదాన్ని ఐదోదిగా పెట్టి, ఎండీఏడీఎం (రైడ్‌ని నడిపే కమాండ్)తో యాడ్ చేసి, ఆ తర్వాత రీప్లేస్ అనే ఆప్షన్ ఇవ్వండి. పాత డిస్క్ పనిచేస్తూనే ఉంటుంది, దాన్నుంచి చదివి కొత్తదానికి రాస్తుంది, పూర్తయ్యాకే పాతది పక్కకి తప్పుకుంటుంది.

స్ట్రైప్ క్యాష్ సైజ్ కూడా 256 ఉండి ఉంటుంది, 4096 చెయ్యండి. నాలుగు డిస్కులకి 64 ఎంబీ ర్యామ్ తింటుంది, మీకు లెక్కలోది కాదు. పూర్తి స్ట్రైపులు పోగవడానికి చోటు దొరుకుతుంది, చదివి రాసే పని తగ్గుతుంది. రీబూట్ అయితే పోతుంది, స్టార్టప్‌లో పెట్టుకోండి.

యూపీఎస్ ఉందా? హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబర్ 12, మా ఇంట్లో రాత నడుస్తుండగానే కరెంటు పోయింది, తిరిగి వచ్చాక ఆ రైడ్ లేవలేదు. అప్పట్నుంచి యూపీఎస్ లేని సర్వర్ అంటే నాకు భయం.

పెళ్లివీడియో · శుక్రవారం ఉదయం 8:05

యూపీఎస్ ఉందండీ, బ్యాటరీలు కూడా ఈ ఏడాదే మార్చాం. మీరు చెప్పినట్టే రీప్లేస్ పెడతా. ముందు ముఖ్యమైనవన్నీ బయటి డిస్కులోకి తీస్తున్నా.

ఎన్ఏడీ_లోకల్ · శుక్రవారం ఉదయం 9:30

ఒక్క డౌటు. నువ్వు మొదట పోస్ట్ పెట్టింది ఆదివారం, ఆ రోజు మరీ ఘోరంగా ఉందన్నావు. అది నెల మొదటి ఆదివారం. ఉబుంటు, డెబియన్‌లలో మొదటి ఆదివారం తెల్లవారుజామున రైడ్ చెక్ దానంతటదే మొదలవుతుంది, డిస్కులన్నీ మొదట్నుంచి చివరిదాకా చదివి ప్యారిటీ సరిచూసుకుంటుంది. లాగ్‌లో డేటా చెక్ అని ఉందేమో చూడు.

పెళ్లివీడియో · శుక్రవారం ఉదయం 9:58

ఉంది!! ఆదివారం తెల్లవారుజామున మొదలైంది. అంటే పెళ్లికూతురి వాళ్లు కూర్చున్నప్పుడు అదీ నడుస్తోంది, ఇదీ నడుస్తోంది. తీసేయనా దాన్ని?

పాతసర్వర్ · శుక్రవారం ఉదయం 10:15

తీసేయొద్దు! చదవని మూలల్లో పాడైన సెక్టార్లు బయటపడేది ఆ చెక్‌లోనే. అది లేకపోతే సరిగ్గా రీబిల్డ్ రోజునే బయటపడతాయి. రోజు మార్చుకోండి. స్పీడ్ లిమిట్ మ్యాక్స్ కూడా 2,00,000 ఉంటుంది, అంటే డిస్క్‌కి సెకనుకి 200 ఎంబీ దాకా, దాన్ని 50,000 చెయ్యండి, మెల్లగా పోతుంది. రీప్లేస్ నడిచేటప్పుడు మాత్రం మళ్లీ పెంచుకోండి, అదే పరిమితి దానికీ వర్తిస్తుంది.

ఎన్ఏడీ_లోకల్ · శుక్రవారం ఉదయం 10:18

మంగళవారం పెట్టు. మంగళవారం పెళ్లిళ్లు ఎవరు పెట్టుకుంటారు.

పెళ్లివీడియో · మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 12:35

ఆలస్యమైంది, వరసగా ముహూర్తాలు. మొత్తం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

కొత్త సీఎంఆర్ డిస్క్ తెచ్చి ఐదో పోర్ట్‌లో పెట్టి రాత్రి 10కి రీప్లేస్ మొదలుపెడితే ఉదయం 7 దాటాక అయింది. మధ్యలో రెండుసార్లు లేచి చూశాను, నిద్ర పట్టలేదు, అది వేరే విషయం. అయ్యాక పరిమితి ఏదీ లేకుండా కాపీ పెడితే 210 ఎంబీ వచ్చింది! ఇన్నాళ్లూ 45 మీద బతికాం. కానీ అలా పూర్తిగా వదిలేస్తే ఎడిటర్ టైమ్‌లైన్ మీద లాగేటప్పుడు ఇంకా అక్కడక్కడా తడబడుతోంది, అందుకే స్కాన్‌రూమ్ మేడమ్ చెప్పినట్టు ఆర్‌సింక్‌కి 80ఎం పెట్టేశాను. 600 జీబీకి ఇప్పుడు రెండు గంటల పది నిమిషాలు. పాతరోజుల్లో "ఫుల్ స్పీడ్"లో మూడున్నర గంటలు పట్టేది, అందరినీ ఏడిపించి మరీ. డర్టీ బైట్స్ అలాగే ఉంచాను, మొన్న నిజంగానే ఒకడు విండోస్ నుంచి 150 జీబీ పడేశాడు, ఎవరూ నన్ను పిలవలేదు. చెక్ మంగళవారానికి మార్చాను.

ఒకటే మిగిలింది, ఒక ఎడిటర్ నాలుగు కెమెరాలు ఒకేసారి పెట్టుకుంటే ఇంకా ఆగుతోంది.

మురీమిక్స్చర్ · ఆదివారం ఉదయం 9:20

మీ కెమెరా 4కే 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) అయితే ఒక్కోటి సెకనుకి 12.5 ఎంబీ, నాలుగు కలిపి 50. ఇద్దరు ఎడిటర్లు అలా కూర్చుంటే గిగాబిట్‌లో వచ్చే 110 చిల్లర అయిపోయినట్టే. అది డిస్క్ బాధ కాదు, వైరు బాధ. ప్రాక్సీలు, అంటే తక్కువ సైజు నకళ్లు, చేసుకుని ఎడిట్ చేసుకోమను.

సింధియా_సిగ్నల్ · ఆదివారం ఉదయం 9:45

అన్నా ఆ తీసేసిన ఎస్ఎంఆర్ డిస్క్ ఏం చేశావు? అమ్ముతావా?

పెళ్లివీడియో · ఆదివారం ఉదయం 9:51

నువ్వే కదయ్యా హార్డ్ డిస్కులన్నీ పారేయమన్నది.

సింధియా_సిగ్నల్ · ఆదివారం ఉదయం 9:53

బ్యాకప్‌కి అన్నా. ఒకసారి నింపి బీరువాలో పెట్టేయడానికి పెంకులైతే ఏంటి.

పెళ్లివీడియో · ఆదివారం ఉదయం 10:04

అమ్మను, పోయినేడాది పెళ్లిళ్లన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయి.